అచ్చులావిడ చెక్కిన గుమ్మడికాయ

ఏదీ, ఆ పేపరు ఇటివ్వు. కళ్ళజోడు అక్కర్లేదులే, బొమ్మే కదా. ఓహో, ఇదా నువ్వు చెప్పింది. పెద్దదే. పక్కన నిలబడ్డవాడి నడుం దాకా వచ్చింది. కానీ చెక్కడం చూశావా అమ్మాయీ, రెండు కళ్ళు, ఒక ముక్కు, నాలుగు పళ్ళు. దీన్ని చెక్కడం అనరు, చిల్లులు పెట్టడం అంటారు. నవ్వకు. గుమ్మడికాయని చెక్కడం అంటే ఏంటో నేను దగ్గరుండి చూశా. మన మార్కెట్లోనే. ఇప్పుడు సెల్‌ఫోన్ కొట్లు ఉన్నాయే, ఆ వరస చివర అప్పట్లో కాటా షెడ్డు ఉండేది. నేను అక్కడే కదా పనిచేసింది, ముప్ఫై నాలుగేళ్ళు. బస్తా దించిన చప్పుడు వింటే చాలు, ముల్లు చూడకుండా బరువు చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక పెళ్ళివారొచ్చి పెళ్ళికొడుకుని కాటా ఎక్కించమని… సర్లే, అది ఇంకోసారి. అచ్చులావిడ సంగతి చెబుతా, కూర్చో. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతుంది.

అచ్చులావిడ అంటే, బూట్ల కార్ఖానాలో అచ్చులు చెక్కేది. అచ్చంటే తెలీదా? చెక్క పాదం. అప్పట్లో కాళ్ళు సరిగ్గా లేనివాళ్ళకి, వంకర కాళ్ళు, వాచిన కాళ్ళు, దెబ్బ తిన్న కాళ్ళు, వాళ్ళకి కొట్లో కొన్న జోడు పట్టదు కదా. కొలతలు తీసుకుని ముందు ఆ కాలు ఎలా ఉంటే అలా చెక్కలో చెక్కేవాళ్ళు. ఆ చెక్క కాలు మీద తోలు బిగించి కుట్టేవాళ్ళు. ఊళ్ళో సగం మంది కాళ్ళు ఆ కార్ఖానా అలమారల్లో ఉండేవి, కింద నంబరు వేసి. నాది నూట పన్నెండు. ఎడం కాలు చిటికెన వేలు పక్క వేలు మీద ఎక్కి కూర్చుంటుంది నాకు, పుట్టుకతోనే. చూపించమంటావా? వద్దా. సరే.

మొదట్లో ఆ పని ఆవిడది కాదు, ఆవిడ మొగుడిది. మంచి పనివాడు. మాట తక్కువ మనిషి. నడివయసులోనే వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. పొద్దున్నే లేచి పిడికిలి విప్పాలంటే వేణ్ణీళ్ళలో పెట్టుకోవాలి. కార్ఖానాలో తెలిస్తే పని పోతుందని, మోకాలు నొప్పి, నడవలేను, ఇంటి దగ్గర చేసి పంపిస్తా అని ఓనరుని ఒప్పించాడు. చేసింది ఎవరనుకున్నావ్? ఈవిడే. వంటింట్లో, కత్తిపీట పక్కన. ఆయన గోడకి ఆనుకుని కూర్చుని, చెక్కింది వేళ్ళ వెనకవైపుతో తడిమి చూసి, "మడమ దగ్గర ఇంకొంచెం దిగు" అనేవాడట. ఏడాదిన్నర అలాగే నడిచింది. ఎవరికీ తెలీదు. ఒక్కడికి తప్ప. ఆవిడ మరిది. ఆయన కూడా ఆ కార్ఖానాలోనే, చెక్కిన అచ్చుని గరుకు కాగితంతో నున్నగా రుద్దే పని. రోజూ సంచిలో చెక్క దిమ్మలు వేసుకుని అన్నగారింటికి తేవడం, అయిన అచ్చులు తీసుకెళ్ళడం ఆయనే. గుమ్మంలో నిలబడి చూసేవాడు కదా, వదిన చేతిలో ఉలి.

తర్వాత అన్నగారు పోయాడు. వేళ్ళతో కాదులే, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి. నెల తిరిగాక ఈవిడ కార్ఖానాకి వెళ్ళింది, ఆ పని నాకివ్వండి అని. ఓనరు మంచివాడే, కాకపోతే దేనికైనా పక్కవాడి నోట్లోంచి రావాలి ఆయనకి. ఈవిణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టి లోపల మరిదిని అడిగాడు. "ఏమోయ్, మీ వదిన చెయ్యగలదా?" తలుపు ఓరగా ఉంది. అన్నీ వినపడుతున్నాయి. మరిది, "చెయ్యలేదండీ. ఆడమనిషి చెయ్యి. గట్టి చెక్కకి ఆగదు" అన్నాడు. అంతే. ఆవిడ బల్ల మీంచి లేచి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళి అదే కార్ఖానాలో బంక పూసే పనికి కుదిరింది. ఏం చేస్తుంది, తినాలి కదా. ఏడాది బంక పూసింది. అప్పుడు పోస్టుమాస్టరు గారి కాలు వచ్చింది. పుట్టుకతో లోపలికి తిరిగిపోయిన కాలు. కొత్తగా పెట్టుకున్న పనివాడు మూడు దిమ్మలు పాడుచేశాడు. ఈవిడ ఒక దిమ్మ ఇంటికి తీసుకెళ్ళి, రెండ్రోజుల్లో చెక్కి, తెచ్చి ఓనరు బల్ల మీద పెట్టి, వెళ్ళి బంక డబ్బా దగ్గర కూర్చుంది. ఓనరు ఆ చెక్క కాలుని తిప్పి చూశాడు, దాని మీద బూటు కుట్టించి పోస్టుమాస్టరు గారిని పిలిపించాడు, ఆయన బూటు తొడుక్కుని గదంతా నడిచాడు. ఆ రోజు నుంచి ఆవిడ అచ్చులావిడ అయింది. మరిది ఇంకో రెండు నెలలు ఉన్నాడు, తర్వాత రంపం పొడి పడట్లేదని మానేసి, వాటర్ ట్యాంకు వెనకాల కాస్త నేల తీసుకుని కూరగాయలు వేసుకున్నాడు.

మాటల్లేవు. తొమ్మిదేళ్ళు. ఒకే వీధి, మధ్యలో మూడిళ్ళు. ఎదురుపడితే ఆవిడ ఆగి చెప్పు సరిచేసుకునేది, ఆయన దాటిపోయేదాకా. పాపం ఆ చెప్పుకేం లోపం ఉండదు, అచ్చులావిడ చెప్పు కదా. ఆయనేమో ముందే చూస్తే సందులోకి తిరిగిపోయేవాడు. పెళ్ళాం లేదు ఆయనకి, పెళ్ళే చేసుకోలేదు. తోటలో అన్నీ తనే. మనిషి మంచివాడేనా అంటావా? ఏమోనమ్మా. చెడ్డవాడైతే కాదు. కొంతమందికి ఒక్క మాట నోరు జారుతుంది, మిగతా బతుకంతా దాని చుట్టూ తిరిగి నడవాల్సొస్తుంది.

ఆ, గుమ్మడికాయ. వస్తున్నా. మార్కెట్టు పాత కప్పు కూలిపోతే కొత్త కప్పు వేశారు ఆ ఏడు. మళ్ళీ తెరిచే రోజున జనం చూడ్డానికి ఏదో ఒకటి పెట్టాలని మార్కెట్ ప్రెసిడెంటు గారి పట్టుదల. ఈలోగా ఊళ్ళో మాట పాకింది, ట్యాంకు వెనకాల తోటలో ఒక గుమ్మడికాయ ఆగకుండా పెరుగుతోందని. నిజమే. ఆయన తీగకి ఒక్క పిందె ఉంచి తక్కినవన్నీ గిల్లేశాడు. కింద ఇసక పరిచాడు. ఎండ తగలకుండా పాత దుప్పటి పందిరి. రోజుకి ఇన్ని బిందెలని నీళ్ళు. ఒకసారి కాయ పక్కకి ఒరిగి నేలకి ఆనిన చోట కుళ్ళు మొదలైతే, కూర్చుని చెంచాతో కుళ్ళంతా గీకేసి, సున్నం రాసి, విసనకర్రతో విసిరి ఆరబెట్టాడు. మూడ్రోజులు విసిరాడు. పిల్లలకి కూడా అలా ఎవరూ చెయ్యరు. కోసే రోజున ఎనిమిది మంది హమాలీలు పట్టాలు వేసి లేపి బండెక్కించారు. కాటా మీద నేనే తూచా. మూడు వందల నలభై ఒక్క కిలోలు. ఆ ముల్లు అంత దూరం తిరగడం నేను మళ్ళీ చూళ్ళేదు.

ప్రెసిడెంటు గారు వచ్చి కాయ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆయనకి ప్రతి మాటకీ ముందు "ఏమంటే" అనడం అలవాటు. "ఏమంటే, ఊరికే కాయ పెడితే ఏం బాగుంటుంది? ఏమంటే, దీని మీద మన గడియార స్తంభం చెక్కిస్తే? ఏమంటే, కింద నా పేరు… అంటే మార్కెట్ పేరు, దాని కింద నా పేరు." చెక్కేవాళ్ళెవరు? వడ్రంగి రానన్నాడు, నాకు చెక్క తెలుసు గానీ కూరగాయ తెలీదు అని. బోర్డులు రాసే ఆయన, రంగు వెయ్యమంటే వేస్తా కోత నావల్ల కాదన్నాడు. అప్పుడు ప్రెసిడెంటు గారికి తట్టింది. "ఏమంటే, అచ్చులావిడ ఉందిగా" అని మరిది వైపు తిరిగి, "మీ వదినే కదా, చెయ్యగలదా?" అన్నాడు. ఆయనకి పాత సంగతేం తెలీదు, మామూలుగా అడిగాడు. నాకు తెలుసు. ఊళ్ళో చాలామందికి తెలుసు. మరిది కాయ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఆవిణ్ణే అడగండి" అన్నాడు చివరికి.

ఆవిణ్ణి అడగడానికి నన్నే పంపారు. వెళ్ళి చెప్పా. కాయ ఎవరిదో కూడా చెప్పా, దాచడం ఎందుకని. ఆవిడ చేతిలో పని ఆపకుండా విని, "గడియార స్తంభానికి మూలలుంటాయి. గుమ్మడికాయకి మూలలెక్కడున్నాయి? నాకు వచ్చింది పాదం. పాదాలు కావాలంటే చెక్కుతా, లేకపోతే లేదు" అంది. నేను వచ్చి ప్రెసిడెంటు గారికి ఉన్నదున్నట్టు చెప్పా. ఆయన పెద్దగా నవ్వి, "ఏమంటే, మంచి హాస్యగత్తేనోయ్ ఆవిడ. రమ్మను, రమ్మను" అని వెళ్ళిపోయాడు. నా తప్పేం లేదమ్మాయీ. నేను చెప్పా. వినిపించుకోకపోతే నేనేం చెయ్యను.

మార్కెట్ తెరవడానికి నాలుగు రోజులుంది. అంతకంటే ముందు మొదలెట్టకూడదు కూడా. తొక్క తీసిన గుమ్మడికాయ ఊరికే వదిలేస్తే వారం నిలవదు, అంచులు ఎండిపోయి ముడుచుకుపోతాయి. అందుకని కాటా షెడ్డులో పెట్టి, తలుపులు మూసి, తడిగుడ్డలు కప్పి, చెక్కిన చోటల్లా వ్యాజలైన్ రాసేవాళ్ళం. లోపల మేం ముగ్గురమే. ఆవిడ, ఆవిడ మరిది, నేను. ఆయన్ని పొమ్మనడానికి లేదు, కాయ ఆయనది. పైగా అంత కాయకి గోడ ఎక్కడెంత మందం ఉందో తెలిసింది ఆయనొక్కడికే. వేళ్ళు మడిచి కొట్టి చూసేవాడు. టక్కుమంటే మందం, డబ్బుమంటే పల్చన. ఆ చప్పుడుని బట్టి ఉలి ఎంత దించాలో చెప్పాలి. చెప్పాలంటే మాట్లాడాలి కదా. అదీ చిక్కు.

నవ్వొస్తుంది తల్చుకుంటే. ఇద్దరికీ మధ్య మూరెడు దూరం లేదు. ఆయన కాయని కొట్టి, నా వైపు తిరిగి, "ఇక్కడ నాలుగు వేళ్ళుంది, మూడు దాకా దిగొచ్చని చెప్పు" అనేవాడు. నేను ఆవిడతో, "మూడు వేళ్ళు దిగొచ్చంట అక్కయ్యా" అనేవాణ్ణి. ఆవిడ, "ఆ మనిషిని కాస్త పక్కకి జరగమను, వెలుతురు ఆగిపోతోంది" అనేది. నేను ఆయనతో, "జరగమంటోంది" అనేవాణ్ణి. అప్పటికే జరిగి ఉండేవాడు. అయినా నేను చెప్పేదాకా ఇద్దరూ విననట్టే. బస్తాలు మోసిన రోజుల్లో కూడా నాకంత అలుపు రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం తిక్కరేగి, నాకు గొంతు నొప్పిగా ఉంది, మీ తంటాలు మీరు పడండి అని బయటికొచ్చి కూర్చున్నా. పావుగంటైనా లోపల చప్పుడే లేదు. తొంగి చూస్తే, ఆవిడ ఉలి చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంది, ఆయన కాయకి అటువైపు నిలబడి ఉన్నాడు. ఎడ్లబండి ఎడ్లలా. మళ్ళీ లోపలికెళ్ళా.

పని మాత్రం… ఎలా చెప్పను. గుమ్మడికాయ మీద నిలువు గాళ్ళుంటాయి చూడు, గాడికీ గాడికీ మధ్య ఉబ్బు. ఒక్కో ఉబ్బు మీద ఒక్కో పాదం. వేళ్ళు పైకి, మడమ కిందికి, మనకి అరికాలు కనపడేట్టు. ముందు తొక్క గీసి తీసేది, తర్వాత చెంచాలా వంపున్న ఉలితో కండ తోడేది. పసుపుపచ్చటి తురుము రాలి నేలంతా పరుచుకునేది, జారిపోయేవాళ్ళం. కాగితం లేదు, కొలత లేదు. చేత్తో కాయని తడిమి చెక్కడమే. నేను నాలుగోదాన్ని చూస్తున్నా, చిటికెన వేలు పక్క వేలెక్కింది. "అక్కయ్యా, ఇది నాది!" అన్నా. "మరి ఎవరిదనుకున్నావ్" అంది తలెత్తకుండా. అప్పుడు అర్థమైంది నాకు. ఊళ్ళోవాళ్ళ కాళ్ళు. పోస్టుమాస్టరు గారిది, లోపలికి తిరిగిపోయి. బండి చక్రం ఎక్కి పచ్చడైన పెద్ద హమాలీది, మూడు వేళ్ళే ఉన్నది. చేపలావిడది, బొటనవేలి కింద ఎముక ఉబ్బి. పన్నెండు పాదాలు చుట్టూరా. వెనకవైపు మాత్రం చెక్కడానికి లేదు, అక్కడ పెద్ద తలుపులా కోసి గింజలు తోడేశారు. మనిషి నడుం దాకా దూరొచ్చు ఆ సందులోంచి. లోపల తడి వాసన, నూతిలోకి వంగినట్టు.

నాలుగో రోజు మధ్యాహ్నానికి ముందు వైపు నట్టనడుమ ఒక్క ఉబ్బు మిగిలింది. ఆవిడ కావాలనే ఆఖరికి ఉంచుకుంది. అక్కడే ఆ సున్నం రాసిన మచ్చ ఉంది. మొదటి రోజే మరిది చెప్పించాడు నాచేత, ఆ మచ్చ దగ్గరికి ఉలి తేవద్దని. ఆవిడ ఊకొట్టలేదు, కాదనలేదు. ఇప్పుడు అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో తడుముతోంది. ఉలి తీసింది. ఆయన గబగబా వచ్చి రెండుసార్లు కొట్టాడు. డబ్, డబ్. నా వైపు తిరిగి, "అక్కడ చెయ్యలేదని చెప్పు" అన్నాడు.

అనేశాక తెలిసింది ఆయనకి, ఏం మాటన్నాడో. మొహం పాలిపోయింది. ఆవిడ మెల్లగా లేచి ఆయన వైపు తిరిగింది. నా వైపు కాదు. ఆయన వైపు. "చెయ్యలేనా? చెయ్యకూడదా? రెండిట్లో ఏదో నువ్వే చెప్పు."

"చెయ్యకూడదు వదినా" అన్నాడాయన. "గోడ రెండు వేళ్ళు కూడా లేదిక్కడ. నీ చెయ్యి కాదు. కాయ ఆగదు."

"ఆనాడు ఓనరు అడిగినప్పుడు చెయ్యలేదన్నావ్. గట్టి చెక్కకి ఆగదన్నావ్. సంచిలో వేసుకుని మోసుకెళ్ళింది నా చేతి అచ్చులే కదా."

నేను బయటికి పోదామనుకున్నా. కానీ నేలంతా ఆ తురుము, జారితే చప్పుడవుతుంది. ఆయన చెప్పాడు. దాచలేదు. "తెలీక అనలేదు వదినా. తెలిసే అన్నా. అన్న నాకంటే పైన ఉంటే సరే, అన్న. అన్న పోయాక ఆ బల్ల నాకిస్తాడనుకున్నా. నేనూ ఇంట్లో చెక్కి చూసుకున్నా, నాలుగు దిమ్మలు. ఒక్కటీ కాలులా రాలేదు. నువ్వొస్తే నీ కింద రుద్దుకుంటూ కూర్చోవాల్సొస్తుందని అనేశా."

ఆవిడ ఏమందో తెలుసా? తిట్టలేదు, ఏడవలేదు. ఉలి అంచుని బొటనవేలితో రాస్తూ నిలబడింది. తర్వాత, "రుద్దేవాడు సరిగ్గా రుద్దకపోతే అచ్చు ఎంత బాగున్నా తోలు మీద గీత పడుతుంది. నువ్వు వెళ్ళిపోయాక అలా రుద్దినవాడు లేడు" అంది. అదేం మాటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, క్షమించిందనుకోవాలో దెప్పిందనుకోవాలో. ఆ వెంటనే, "మీ అన్న కాలు ఇక్కడ పెట్టాలి. వేరే చోటు లేదు" అంది.

ఆయన చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. వెనక్కి వెళ్ళి ఆ కోసిన సందులోంచి నడుం దాకా లోపలికి దూరాడు. లోపలి నుంచి మాట వినపడింది, కుండలోంచి వచ్చినట్టు. "వదినా, నా అరచెయ్యి సరిగ్గా మచ్చ వెనకాల పెట్టా. ఉలి దిగుతుంటే నాకు తెలుస్తుంది. పల్చనైతే చెబుతా. చెక్కు." ఆవిడ ఉలి పెట్టబోయి ఆగింది. "చెయ్యి తియ్యి. అటు దిగితే తెగుతుంది." "తియ్యను. తీస్తే నీకెవరు చెబుతారు?"

ఇక మొదలెట్టింది. అంతసేపు చెక్కినదానికీ దీనికీ పోలికే లేదు. పేపరు పొరలా తీసేది. ఆయన లోపల నుంచి "ఉంది… ఉంది… ఇంకా ఉంది… చాలు, పక్కకి పో" అంటున్నాడు. మడమ అయింది. అరికాలి వంపు అయింది. చిటికెన వేలు నుంచి వరసగా నాలుగు వేళ్ళు. బయట బండ్లు దించుతున్న గోల, నాకేం వినపడట్లేదు, ఆ "ఉంది, ఉంది" తప్ప. గంటన్నర అలా వంగే ఉన్నాడు మనిషి. బొటనవేలు మొదలెట్టింది. ఒక్క పొర తీసింది. రెండో పొరకి ఆయన "ఉంది" అనలేదు. ఏమీ అనలేదు. ఆవిడ ఉలి వెనక్కి తీసి చూసింది. కొసన ఎర్రగా ఉంది. గోరు మీద గీతంత, అంతే. "ఎందుకు చెప్పలేదు?" అంది. "ఒక్క వేలే కదా మిగిలింది. కానివ్వు" అన్నాడు లోపల నుంచి. "ఎంత తెగింది?" "ఏం లేదు. కానివ్వు వదినా."

ఆవిడ ఉలి నేల మీద పెట్టేసింది. "అయిపోయింది. బయటికి రా" అంది. ఆయన వచ్చి ముందుకి తిరిగి చూశాడు. బొటనవేలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. "వదినా, వేలు…" "అయిపోయిందన్నానా" అని ఆవిడ కొంగు చివర చించి ఆయన చేతికి కట్టింది. గట్టిగానే బిగించింది, ఆయన మొహం చిట్లించాడు. నేను వ్యాజలైన్ డబ్బా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగా.

మర్నాడు పొద్దున్న మార్కెట్ నిండా జనం. కాయని నడిమి దారిలో బల్లల మీద ఎక్కించి, లోపల నాలుగు బల్బులు పెట్టి, పైన తెల్ల దుప్పటి కప్పారు. ప్రెసిడెంటు గారు కొత్త కోటు. "ఏమంటే" అని పావుగంట మాట్లాడి దుప్పటి లాగాడు. పాదాలు. పసుపుపచ్చగా వెలుగుతూ, అరికాళ్ళు జనం వైపు. ప్రెసిడెంటు గారు దుప్పటి చేతిలో పట్టుకుని, "ఏమంటే… ఇదేంటి? స్తంభమేదీ?" అన్నాడు. అచ్చులావిడ పక్కనే స్తంభంలా నిలబడింది, చేతులు కట్టుకుని. అప్పుడు వెనకాల నుంచి పెద్ద హమాలీ కేకేశాడు, "ఒరేయ్, అది నా కాలురా!" జనాన్ని తోసుకుంటూ వచ్చి, చెప్పు విడిచి, ఇద్దరు భుజాలు పట్టుకుంటే ఒంటికాలి మీద నిలబడి, కాలెత్తి కాయ పక్కన పెట్టి చూపించాడు. మూడు వేళ్ళు. అచ్చం అదే. ఇంకేముంది. జోళ్ళు విప్పడం, కాళ్ళెత్తడం, పడిపోవడం. పోస్టుమాస్టరు గారు, ఎప్పుడూ ఆ కాలు పంచె కింద దాచుకునే మనిషి, మెల్లగా వచ్చి తన పాదం ముందు నిలబడి అలా చూస్తూ ఉండిపోయాడు. "ఇది ఇంత బాగుంటుందా" అన్నాడు. నేను పక్కనే ఉన్నా, విన్నా.

ప్రెసిడెంటు గారి కాలు కూడా ఉంది. పలకలా చదును, వంపే లేదు. చేపలావిడ చూసి, "ఇదెవరిదో బాతు కాలులా ఉందే!" అంది అందరికీ వినపడేలా. ఆయనకి తెలిసిపోయింది. నాదని చెప్పుకోలేడు, కాదని తియ్యమనలేడు. మొహం కందగడ్డ అయింది. ఏదో ఒకటి అనాలి కదా. చుట్టూ చూసి, నడిమి పాదం దగ్గర ఆగాడు. అన్నిటికంటే బాగా వెలుగుతోంది అది, పల్చన కదా. "ఏమంటే, ఈ కాలికి బొటనవేలేదీ? పని సగంలో వదిలేశావేంటమ్మా? ఏమంటే, చేతకాకపోతే ముందే చెప్పాల్సింది" అన్నాడు గట్టిగా. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ నోరు విప్పబోయింది. విప్పితే నిజమే చెప్పేది, ఆవిడ సంగతి నాకు తెలుసు.

అంతకంటే ముందే మరిది అందుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి జేబులో పెట్టుకుని జనం చివర నిలబడ్డవాడు, ముందుకొచ్చాడు. అంతమందిలో ఆయన గొంతు ఎప్పుడూ ఎవరూ విని ఉండరు. "అది మా అన్న కాలండీ. మా అన్నకి బొటనవేలు లేదు. చెక్కింది మా వదిన. తప్పుండదు" అన్నాడు. ప్రెసిడెంటు గారు "ఏమంటే…" అని ఆగిపోయాడు. అచ్చులావిడ ఆయన వైపు చూసింది. అలా చూస్తూనే ఉంది. తర్వాత చెప్పు సరిచేసుకోవడానికి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

కాయా? అయిదు రోజులుంది. ఆరో రోజుకి ఆ నడిమి పాదం దగ్గరే లోపలికి కుంగింది, బండి మీద వేసి తోటకి తీసుకెళ్ళి పాతేశాడు ఆయనే. తర్వాత వాళ్ళిద్దరూ పెద్ద కబుర్లు చెప్పుకున్నారనుకోకు. ఆదివారాలు ఆయన ఏదో ఒక కూర తెచ్చి గుమ్మంలో నిలబడేవాడు, ఆవిడ "లోపలికి రా" అనేది, వచ్చేవాడు. ఒక్కోసారి రెండు అచ్చులిచ్చి రుద్దమనేది. అంతే. ఆయన ముందు పోయాడు, ఆవిడ ఇంకో ఏడేళ్ళకి. కార్ఖానా కూడా పోయింది. ఇప్పటికీ మార్కెట్లో నా ఈడు వాళ్ళని అడిగి చూడు, అచ్చులావిడ మొగుడికి బొటనవేలు ఉండేది కాదంటారు. ఎలా పోయిందో కూడా చెబుతారు, ఒకడు రంపం అంటాడు, ఒకడు గొడ్డలి అంటాడు. ఉండేదమ్మాయీ. రెండు కాళ్ళకీ ఉండేవి. ఆయన్ని ఆఖరిసారి మోసినవాళ్ళలో నేనొకణ్ణి, కాళ్ళ వైపు పట్టుకున్నా…

…

నీ బస్సు ఎన్నింటికన్నావ్?